షట్టరు జాతకాలు

ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర జరిగే ఫోటోవాక్ ఏదో ఒకదానికి వెళ్ళి చూడండి. పదిమంది వస్తే నలుగురి మెడల్లో ఫిల్మ్ కెమెరాలుంటాయి. ఆ నలుగురిలో ఒకడి చేతిలో తోలుతిత్తి ఉన్న మడత కెమెరా, తాతల కాలం నాటిది, ఉంటుంది. దాన్ని చూడగానే పక్కవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఏ ఇయర్ బ్రో?" ఆ బ్రో గర్వంగా "థర్టీ ఎయిట్" అంటాడు. అందరూ "వావ్" అంటారు. అంతే, ఇక రెండో ప్రశ్న లేదు. ఆ షట్టరు ఒక సెకను దగ్గర పెట్టి నొక్కితే ఒక సెకనే తెరుచుకుంటుందా, మూడు సెకన్లు ఆవులించి అప్పుడు మూసుకుంటుందా అని ఎవరూ అడగరు. దానికి ఫ్లాష్ తగిలించొచ్చా అనీ అడగరు. జాతకం చూసేశాం, ఇక పిల్లతో మాటలెందుకు అన్నట్టుంటుంది వ్యవహారం.

నాకు ఈ ప్రశ్నంటే ఒళ్ళుమంట. సిద్ధాంతంగా పుట్టిన మంట కాదు. ఆ ప్రశ్న అడిగి, పట్టికలు చూసి, నాకు నేనే జవాబు చెప్పుకుని, మా పెద్దత్తయ్య రెండేళ్ళు నాతో మాట్లాడకుండా చేసుకున్నదాన్ని నేను.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. ఎందుకంటే మన కథల్లోనూ కవితల్లోనూ షట్టరు తెగ కనిపిస్తుంది కానీ, దాన్ని విప్పి చూసినవాళ్ళ వాక్యం మాత్రం కనబడదు. "కనురెప్పలా వాలిన షట్టరు" అని ఎన్నిసార్లు చదివానో. కనురెప్ప పైనుంచి కిందికి వాలుతుంది. లీఫ్ షట్టరు అలా వాలదు. లెన్స్ మధ్యలో, ముందు గాజుకీ వెనక గాజుకీ నడుమ, పల్చటి ఉక్కు రేకులు, సాధారణంగా అయిదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. నొక్కగానే నట్టనడుమ చుక్కలా మొదలై అంచుల దాకా విచ్చుకుంటాయి, కాసేపు ఆగి మళ్ళీ నడుముకే ముడుచుకుంటాయి. దాని చప్పుడు కూడా "క్లిక్" కాదు, "ఖటక్" కాదు. ఆ ఖటక్ ఎస్సెల్లార్‌లో అద్దం లేచి కొట్టుకునే మోత. లీఫ్ షట్టరుది నాలుక చివర్న చేసే చిన్న "చ్" లాంటిది. పక్కగదిలో ఉన్నవాళ్ళకి వినపడదు. మన కథల్లో మాత్రం క్లిక్‌మనని కెమెరా లేదు. సరే, ఇది నా సొంత దురద, వదిలేయండి.

*

మా తాతయ్యకి రాజమండ్రిలో స్టూడియో ఉండేది. ఆయన పోయాక మిగిలినవాటిలో 9×12 సెంటీమీటర్ల గాజుపలకలు వాడే ఒక జర్మన్ మడత కెమెరా ఉంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: మా తాతమ్మ, అంటే తాతయ్య వాళ్ళ అమ్మ, 1939లో పోయింది. పోయేముందు పెరట్లో బావి పక్కన పీటమీద కూర్చోబెట్టి తాతయ్య ఒక ఫోటో తీశాడు, ఈ కెమెరాతోనే. ఆవిడది ఆ ఒక్క ఫోటోయే ఉంది. పెద్దత్తయ్య ఆ కెమెరాని పట్టుచీరల బీరువాలో దాచింది, బొట్టు పెట్టడమొకటే తక్కువ.

ఇరవై నాలుగేళ్ళప్పుడు నాకు ఫిల్మ్ పిచ్చి పట్టింది. సెలవుకెళ్ళి ఆ కెమెరా అడిగి తీసుకుని చూశాను. లెన్స్ చుట్టూ ఉన్న షట్టరు మీద "సింక్రో కాంపూర్" అని ఉంది. పక్కన ఎమ్, ఎక్స్ అని రెండు అక్షరాలున్న చిన్న మీట. వేగాల రింగు మీద 1, 2, 4, 8, 15, 30, 60, 125. నాకు వెంటనే నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తాను, అందులో కొంత నిజమైన చదువు ఉంది.

కాంపూర్ షట్టరు మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ డెకెల్ కంపెనీ చేసింది. అంతకుముందు వాళ్ళే చేసిన కాంపౌండ్ అనే షట్టరులో నెమ్మది వేగాలకి గాలి సిలిండరు ఉండేది. షట్టరు పైన అడ్డంగా చిన్న గొట్టంలా కనిపిస్తుంది. వేసవిలో ఒకలా, చలికాలంలో ఒకలా నడిచేది. 1912లో వచ్చిన కాంపూర్‌లో ఆ గాలి స్థానంలో గడియారంలాంటి పళ్ళచక్రాల వరస పెట్టారు. మొదటి కాంపూర్లకి వేగం మార్చే చిన్న గుండ్రటి డయలు నెత్తిమీద ఉంటుంది. 1930 ప్రాంతంలో ఆ డయలు పోయి, లెన్స్ చుట్టూ తిరిగే రింగు వచ్చింది. 1930ల నడుమ 1/500 దాకా వెళ్ళే కాంపూర్ ర్యాపిడ్ వచ్చింది. ఫ్లాష్‌తో జత కుదిర్చే సింక్రో కాంపూర్ వచ్చింది 1950ల మొదట్లో. వేగాల వరస సంగతి ఇంకా సులువు. పాతవి 1, 2, 5, 10, 25, 50, 100 అని నడుస్తాయి. అందులో మెట్లు సమానం కాదు, 2 నుంచి 5కి, 10 నుంచి 25కి రెండున్నర రెట్లు దూకుతుంది. 1950ల నడుమ వేగాన్నీ ఎపర్చర్‌నీ ఒకే అంకెతో ముడిపెట్టే లైట్ వాల్యూ పద్ధతి వచ్చినప్పుడు ప్రతి మెట్టూ సరిగ్గా రెట్టింపు కావాల్సి వచ్చి 1, 2, 4, 8, 15, 30, 60, 125 వరస స్థిరపడింది. అంటే రింగు మీద 25, 50, 100 ఉంటే ఒక కాలం, 30, 60, 125 ఉంటే ఇంకో కాలం. పేటెంటు ముద్ర చూసినా తెలుస్తుంది: డీఆర్‌పీ అని ఉంటే జర్మన్ రైష్ కాలపు పేటెంటు, డీబీపీ అని ఉంటే యుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీది. "జర్మనీ, యూఎస్ జోన్" అని చెక్కి ఉంటే యుద్ధం ముగిసి అమెరికన్ సైన్యం మ్యూనిక్‌లో ఉన్న ఆ నాలుగేళ్ళు.

ఇంత తెలిసినదాన్ని కాబట్టి భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాను, "ఈ కెమెరా 1955 తర్వాతది. దీంతో 1939లో ఫోటో తీయడం అసాధ్యం." అక్కడితో ఆగలేదు. హైదరాబాద్ వచ్చి ఒక చిన్న పత్రికకి "కుటుంబ జ్ఞాపకాలు అబద్ధమాడే తీరు" అని ఒక వ్యాసం రాసిచ్చాను. ఎంత బాగా రాశాననుకున్నానో! జ్ఞాపకం ఎలా కథలల్లుతుంది, వస్తువు ఎలా సాక్ష్యం చెబుతుంది, వగైరా. అత్తయ్య అది చదివి ఫోన్ చేసింది.

"ఏమే, నాలుగంకెలు చూసి మా నాన్నని అబద్ధాలకోరు అంటావా?"

"అబద్ధమనలేదత్తయ్యా, పొరపాటన్నాను."

"అచ్చులో ఏమన్నావో నాకూ చదవడమొచ్చు."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత రెండేళ్ళు పండక్కి వెళ్ళినా నాకు వడ్డించింది గానీ మాట్లాడలేదు. కెమెరా మాత్రం, "నీకే కావాలిగా, తీసుకుపో" అని నాన్న చేత పంపించేసింది. దాన్ని బట్టి ఎంత కోపమొచ్చిందో అర్థం చేసుకోండి.

*

కోఠీలో ఒక పాత రిపేరు చాచా ఉన్నాడు. ఒకప్పుడు ఆయన బల్లమీద పెళ్ళిళ్ళ సీజన్‌లో యాషికా మ్యాట్లు వరసగా ఉండేవట. ఇప్పుడు నాలాంటి వాళ్ళు తప్ప ఎవరూ రారు. షట్టరు నెమ్మది వేగాల దగ్గర ఆగిపోతోందని తీసుకెళ్ళాను. ఆయన ముందు గాజు మర విప్పి పక్కన పెట్టాడు, భూతద్దం పెట్టుకున్నాడు, నవ్వాడు.

"ఎవరు చేసిండమ్మా ఇది? మంచి పనోడు."

"ఏం చేశారు చాచా?"

"కాళ్ళు మార్చిండు. మనిషి అదే, కాళ్ళు కొత్తవి."

చూపించాడు. షట్టరు మీద ఎపర్చర్ అంకెలుండే స్కేలు ఫ్యాక్టరీది కాదు. పల్చటి రేకు ముక్క మీద చేత్తో చెక్కిన అంకెలు, రెండు సన్నటి స్క్రూలతో బిగించారు. 8 అంకె కాస్త ఎడమకి వాలి ఉంది. ఆ రేకు తీస్తే అడుగున ఫ్యాక్టరీ చెక్కిన అసలు స్కేలు, ఇంకేదో లెన్స్ కోసం చేసింది. వెనక గాజుకి బిగించిన రింగు మీద లేతు మీద కొత్తగా తిప్పిన గీతలు. ముందు గాజు చుట్టూ మాత్రం చక్కగా: కార్ల్ జైస్ యెనా, టెస్సార్, 4.5, 13.5 సెంటీమీటర్లు, పంతొమ్మిది లక్షల పైచిలుకు నంబరు. జైస్ నంబర్ల పట్టికలు అచ్చులో ఉన్నాయి. ఆ నంబరు 1936-37 ప్రాంతంలో పడుతుంది.

తాతయ్య కెమెరా కొన్నది యుద్ధానికి ముందే. దాని షట్టరు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, లేదా ఫ్లాష్ కావాల్సి వచ్చి ఉంటుంది. గాజులు రెండూ దాచి, మధ్యలో షట్టరొక్కటీ కొత్తది వేయించాడు. నేను షట్టరు మీద సంవత్సరం చదివి దాన్ని కెమెరా సంవత్సరం అనుకున్నాను. ఫోటోకి, మనిషికి, ఆయన మాటకి కూడా అదే సంవత్సరం అంటగట్టాను.

సాహిత్యం చదివే మనకి ఇది కొత్త సంగతి కాకూడదు. బ్రౌన్ దొర వేమన పద్యాలకి ఒక ప్రతి తెచ్చి అదే వేమన అనుకోలేదు. అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తేడాలు చూసుకున్నాడు. ఒక తాళపత్రం ఎప్పుడు రాసిందో తెలిసినంత మాత్రాన పద్యం అప్పుడే పుట్టిందని ఎవరన్నా అంటే నవ్వుతాం. తర్వాత చేరిన పద్యాన్ని ప్రక్షిప్తం అంటాం, కానీ దాని కోసం కావ్యాన్ని మొత్తం నకిలీ అనం. అదే మనం ఇనుప వస్తువు దగ్గరికి రాగానే బుద్ధి అటకెక్కిస్తాం. నంబరు కనబడగానే వేదవాక్యం. రోలీఫ్లెక్స్ తీసుకోండి. దాని ఒంటికొక నంబరు, లెన్స్‌కొక నంబరు, షట్టరుకొక నంబరు. మూడూ వేరువేరు ఊళ్ళలో వేరువేరు కంపెనీల వాళ్ళు వేసినవి: ఒళ్ళు బ్రౌన్‌ష్వైక్‌లో, గాజు యెనాలో, షట్టరు మ్యూనిక్‌లో. షట్టరు తయారయ్యాక గోదాంలో ఎన్నాళ్ళుందో, లెన్స్ దానిలో ఎప్పుడెక్కిందో, కెమెరా కొట్టులో ఎన్ని దీపావళులు చూసిందో పట్టిక చెప్పదు. పట్టికలో ఉన్నది ఒక భాగం పుట్టిన తేదీ. "ఈ కెమెరా 1938ది" అనే వాక్యంలో "ఈ కెమెరా" అనే మాటకి అర్థమేమిటో ముందు తేల్చుకోవాలి.

*

ఇంతా చెప్పి, "అయితే సంవత్సరాలు పట్టించుకోనక్కర్లేదన్నమాట, వాడుకుంటే చాలు" అనేవాళ్ళ పక్షం చేరతాననుకోకండి. వాళ్ళతో నా గొడవ ఇంకా పెద్దది. ఈ రెండో రకం వాళ్ళు జుమ్మెరాత్ బజార్‌లో ఏదో ఒక పాత కెమెరా కొంటారు, అమ్మేవాడు "వర్కింగ్" అంటాడు. వాడి భాషలో వర్కింగ్ అంటే 1/100 దగ్గర పెట్టి నొక్కితే రేకులు కదులుతాయని. వీళ్ళు రోలు ఎక్కిస్తారు. సగం ఫ్రేములు తెల్లగా మండిపోతాయి, సగం మసక. అప్పుడు దానికొక పేరు పెడతారు: వింటేజ్ లుక్. పాత కెమెరా ఆత్మ అట. ఆత్మ కాదు నాయనా, అది ఎండిపోయిన గ్రీజు.

ఆ షట్టర్లు చేసినవాళ్ళు వినుంటే ఏడ్చేవాళ్ళు. సెకనులో అయిదు వందలో వంతు కొలిచే యంత్రాన్ని కరెంటు లేకుండా, స్ప్రింగులూ పళ్ళచక్రాలతో అరచేతిలో పట్టేంత చేసి పెట్టారు. ఢిల్లీలో హోమై వ్యారవాలా స్పీడ్ గ్రాఫిక్‌తోనూ రోలీఫ్లెక్స్‌తోనూ స్వాతంత్ర్యం వచ్చిన రోజులని తీసింది. ఆ ఫోటోల్లో మీరనే వింటేజ్ లుక్ ఎక్కడుంది? గీత గీసినట్టుంటాయి. మన ఊళ్ళ స్టూడియోల వాళ్ళు పెళ్ళి పందిట్లో యాషికాలతో తీసినవి చూడండి, ముత్తైదువ ముక్కుపుడక రాయి కూడా తెలుస్తుంది. మసకతనం పాతకాలానిది కాదు, మన నిర్లక్ష్యానిది.

వాడాలంటే తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే వయసు తెలియాలి. సంవత్సరం అవసరం ఇక్కడ, చార్మినార్ దగ్గర వావ్ అనిపించుకోవడానికి కాదు. ఉదాహరణకి ఆ ఎమ్ అక్షరం. యుద్ధానికి ముందు జర్మనీలో అమ్మిన కొన్ని కాంపూర్ల మీద ఎమ్ ఉంటుంది. అక్కడ దానికి మొమెంట్ అని అర్థం, మామూలుగా నొక్కి వదిలే ఫోటో. 1950ల షట్టరు మీద ఎమ్ ఉంటే అది ఫ్లాష్ బల్బుల కోసం. బల్బు వెలిగి పూర్తి కాంతికి రావడానికి సెకనులో యాభయ్యో వంతు దాకా పడుతుంది. కాబట్టి ఎమ్ దగ్గర పెడితే షట్టరు ముందు బల్బుని వెలిగించి, కాసేపు ఆగి, అప్పుడు రేకులు తెరుస్తుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి అంత ఓపిక లేదు. ఎమ్ దగ్గర అది మెరిసి ఆరిపోయాక షట్టరు తెరుచుకుంటుంది. నా స్నేహితురాలి నిశ్చితార్థం రోలు మొత్తం నేనలా నల్లగా తీశాను, పన్నెండుకి పన్నెండు. మీట ఎక్స్ దగ్గరుండాలి. ఒకే అక్షరం, ఇరవై ఏళ్ళ తేడాలో రెండు అర్థాలు. నిఘంటువు చూడకుండా పాత కావ్యం చదివితే ఏమవుతుందో అదే.

కాంపూర్ ర్యాపిడ్ 1/500 కూడా అలాంటిదే. ఆ ఒక్క వేగానికి లోపల ఇంకో గట్టి స్ప్రింగు పనిచేస్తుంది. కాక్ చేశాక రింగుని అక్కడికి తిప్పబోతే బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే పాడవుతుంది. ముందు వేగం పెట్టి తర్వాత కాక్ చేయాలి. "రాలేదని గట్టిగా తిప్పాను" అని చాచా దగ్గరికి వచ్చేవాళ్ళే ఎక్కువట. ఇక సెల్ఫ్ టైమరు, వి అక్షరం దగ్గరుండే మీట. పాత షట్టర్లలో ముందుగా చచ్చేది అదే, సగంలో ఆగి షట్టరు మొత్తాన్నీ పట్టేస్తుంది. దాని జోలికి వెళ్ళకండి. మీ ఫోటో మీరే తీసుకోవాలంటే ఎవరినన్నా పిలవండి, మనుషులు ఉన్నది అందుకే.

అంకెల్ని నమ్మకండి, కొలవండి. మీ జేబులో ఉన్న ఫోన్ సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీస్తుంది కదా. వెనక నుంచి దీపం పెట్టి, షట్టరుని తీయండి, తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. అరసెకనుకి 120 ఉండాలి. 1/30కి ఎనిమిది. మీకు పన్నెండు వస్తే అది 1/30 కాదు, 1/20. అంత వెలుగు ఎక్కువ పడుతోంది, ఎపర్చర్ అరమెట్టు మూసుకోండి. 1/100 దాటితే రెండు మూడు ఫ్రేములే వస్తాయి, దాని మీద ఆధారపడలేం. కాంతిని పట్టే చిన్న డయోడు కావాలి. ఎంత పనని? ఒక సాయంత్రం పట్టదు. షట్టరు నెమ్మదించినా ప్రతిసారీ ఒకేలా నెమ్మదిస్తే దాంతో హాయిగా బతకొచ్చు. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా నడిస్తే అప్పుడే రిపేరు.

రిపేరంటే కుట్టుమిషను నూనె కాదు. ఈ పాపం మన దగ్గర ఎంత జరిగిందో చాచా బల్లమీద చూడాలి. షట్టరు ఆగిందనగానే సందులోంచి రెండు చుక్కలు. ఇంకొందరు డబ్ల్యూడీ 40 కొడతారు. ఆ రోజుకి నడుస్తుంది. తర్వాత నూనె రేకుల మీదికి పాకుతుంది, రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, దుమ్ము పట్టి జిగురవుతుంది. లీఫ్ షట్టరు రేకులకి నూనె ఉండకూడదు, ఎండు రేకులే నడుస్తాయి. కావాల్సింది కడగడం: గాజులు తీసేసి, లైటరు పెట్రోలుతో పాత గ్రీజు కరిగించి, ఆరనిచ్చి, నెమ్మది వేగాల చక్రాల ఇరుసుల దగ్గర మాత్రమే సూదిమొనకి అంటినంత. చేయడం రాకపోతే చేసేవాళ్ళకివ్వండి. అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఒక కాఫీకి మూడొందలు పెట్టే మనం ఆయన ఎనిమిదొందలంటే బేరమాడుతున్నాం.

ఇంత ఎందుకు, డిజిటల్ ఉంది కదా అంటారా. లీఫ్ షట్టరుతో పని ఉంది కాబట్టి. మధ్యాహ్నం పన్నెండు ముహూర్తం, పందిరి కింద పెళ్ళికూతురు మొహం చీకటి, వెనక ఎండ. కొంచెం ఫ్లాష్ వేయాలి. మామూలు ఫిల్మ్ ఎస్సెల్లార్లలో గుడ్డ తెర ఫిల్మ్ ముందు నడుస్తుంది. పెంటాక్స్ కె1000 లాంటి దానిలో ఫ్లాష్ 1/60 దాటి పనిచేయదు. వంద స్పీడు ఫిల్మ్, ఆ ఎండకి 1/60 దగ్గర ఎపర్చర్ 22 పెట్టాలి. లీఫ్ షట్టరుకి ఆ గొడవ లేదు, రేకులు ఏ వేగంలోనైనా ఒక్క క్షణం పూర్తిగా తెరుచుకుంటాయి కాబట్టి 1/500లోనూ ఫ్లాష్ పడుతుంది. 1/500 దగ్గర ఎపర్చర్ 8 చాలు. 22కీ 8కీ తేడా దాదాపు ఎనిమిది రెట్ల వెలుగు. అంటే అదే ఫోటోకి మీ ఫ్లాష్ ఎనిమిదో వంతు బలంతో సరిపోతుంది. యాషికా పట్టుకున్న పెళ్ళి ఫోటోగ్రాఫర్లు ఈ లెక్క కట్టారో లేదో గానీ చేతికి తెలుసు.

ఇంకో సూక్ష్మం కూడా చెప్పి ఆపుతాను, ఇది నాకు భలే ఇష్టం. రేకులు నడుమనుంచి విచ్చుకుంటాయన్నాను కదా. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంటే, అంచుల దాకా వెళ్ళేలోపు కొంత సమయం పోతుంది. అదే ఎపర్చర్ 22కి మూసేస్తే మధ్యలో చిన్న రంధ్రమే కావాలి, అది మొదటి క్షణంలోనే తెరుచుకుని చివరి క్షణందాకా ఉంటుంది. ఫలితం: ఒకే 1/500, పెద్ద ఎపర్చర్ దగ్గరకంటే చిన్న ఎపర్చర్ దగ్గర ఎక్కువసేపు పనిచేస్తుంది, ఒక్కోసారి ఒక మెట్టుకి దగ్గరగా. షట్టరు కొత్తదైనా అంతే. రాసిన అంకె అసలు నిజమెప్పుడూ కాదు, ఒక షరతు మీద నిజం.

*

చాచా కడిగి ఇచ్చాక ఆ చేతి స్కేలుని కొలిచాను. అది ఎందుకు చెక్కారో అప్పుడర్థమైంది. అడుగున ఉన్న ఫ్యాక్టరీ స్కేలు 18 సెంటీమీటర్ల లెన్స్‌కి చేసినది. దాని మీద 8 దగ్గర పెడితే రంధ్రం 22.5 మిల్లీమీటర్లు. తాతయ్య లెన్స్ 13.5 సెంటీమీటర్లు, కాబట్టి దానికది 8 కాదు, 6. దాదాపు రెట్టింపు వెలుగు. ఆ పనివాడు ఎవరో ప్రతి అంకెనీ మళ్ళీ లెక్కగట్టి చెక్కాడు. వాలిపోయిన ఆ 8 నేను కొలిస్తే ఎంత కచ్చితంగా ఉందంటే, సిగ్గేసింది.

రాజమండ్రి వెళ్ళాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని రేకు విప్పి చూపించాను, లెన్స్ నంబరు చూపించాను. తాతమ్మ ఫోటో ఇదే గాజుతో తీశాడని నేను నిరూపించలేను, కానీ అసాధ్యమన్నాను చూడు, అది తప్పు, అదీ అచ్చులో రాస్తాను అన్నాను. అత్తయ్య ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి స్టూడియో ఖాతా పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. 1958. తాతయ్య దస్తూరీలో "మద్రాసు, షట్టరు మార్పు, స్కేలు చెక్కుడు కూలి" అని ఉంది. పక్కన అంకె చెదలు తినేశాయి.

"ఇది నీ దగ్గరుందా? అప్పుడే చూపించొచ్చు కదా!"

"నువ్వడిగావా? అంకెలు చదవడమొచ్చన్నావు, చదువుకో అనుకున్నాను."

మర్నాడు పొద్దున పెరట్లో బావి పక్కన అత్తయ్యని కూర్చోబెట్టాను. ఆ బావిని ఇప్పుడు రేకుతో మూసేశారు. 9×12 పలకలు దొరకవు, షీట్ ఫిల్మ్ కత్తిరించి రేకు తొడుగుల్లో పెట్టి తెచ్చాను. కెమెరా మూతకి లోపల ఒక కాగితం అంటించి ఉంది, నేను కొలిచిన వేగాలతో: 1 అంటే ఒకటింబావు, 30 అంటే 22, 60 అంటే 45. నీడలో ఉంది కాబట్టి 30 దగ్గర పెట్టి, ఎపర్చర్ వాలిన 8 మీదకి జరిపాను. కాక్ చేసి, నల్లగుడ్డ తీసి, కేబుల్ పట్టుకున్నాను.

"కదలకత్తయ్యా."

"ఇంకా ఎంతసేపే, పొయ్యి మీద పాలున్నాయి."

నొక్కాను. ఆవిడకి వినపడలేదు, ఇంకా కదలకుండానే కూర్చుంది.